సర్పిల గెలాక్సీల ఫొటోలు: చిన్న టెలిస్కోప్‌కు అసలు అడ్డం ఏది?

త్రికోణ మండలంలో కనిపించే ఎం33 గెలాక్సీ మనకు సుమారు 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పెగసస్ మండలంలోని ఎన్‌జీసీ 7331 అంతకు పదిహేను రెట్ల దూరం, నాలుగు కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. ఎం, ఎన్‌జీసీ అనేవి ఖగోళ వస్తువుల జాబితాల గుర్తులు. ఆ జాబితాల్లో చూస్తే ఎం33 ప్రకాశాంకం 5.7, ఎన్‌జీసీ 7331ది 9.5 అని ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ కాబట్టి, మొదటిది రెండోదానికన్నా ముప్పై రెట్లకు పైగా వెలుగుతోందన్నమాట. తీరా వీధి దీపాల వెలుతురు కమ్మిన ఆకాశం కింద రెండింటినీ ఒకే టెలిస్కోప్‌తో, ఒకే సమయం పాటు ఫొటో తీస్తే సీను తిరగబడుతుంది. దూరంగా ఉన్న ఎన్‌జీసీ 7331 మొదటి ఫ్రేములోనే చిన్నగా, పోల్చుకోగలిగేలా తేలుతుంది. దగ్గరున్న ఎం33 మాత్రం మధ్యలో ఏదో మసక ఉన్నట్టు అనిపించి ఊరుకుంటుంది. దాని చేతులు, అంటే మధ్య నుంచి మెలికలు తిరుగుతూ సాగే వెలుగు పాయలు, బయటపడాలంటే గంటలకు గంటలు కావాలి.

కారణం అంత కష్టమైనదేమీ కాదు. గెలాక్సీ రెట్టింపు దూరం జరిగితే దాని నుంచి మనకు చేరే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది, నిజమే. కానీ ఆకాశంలో అది ఆక్రమించే వైశాల్యం కూడా నాలుగో వంతే అవుతుంది. కాంతి ఎంత తగ్గిందో అది పరుచుకునే చోటూ అంతే తగ్గింది కాబట్టి సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్‌కు పడే వెలుగు మారదు. విశ్వవ్యాకోచం ప్రభావం లెక్కలోకి వచ్చేంత దూరం, అంటే వందల కోట్ల కాంతి సంవత్సరాలు వెళ్లనంతవరకూ ఈ సూత్రం నిలబడుతుంది. ఔత్సాహికుల టెలిస్కోప్‌లు చేతుల్ని విడదీసి చూపగల గెలాక్సీలు దాదాపు అన్నీ ఆ హద్దుకు ఇవతలే ఉన్నాయి. దూరం గెలాక్సీని చిన్నది చేస్తుంది తప్ప మసకబార్చదు. చిన్నదవడం వేరే తలనొప్పి, దాని సంగతి తర్వాత.

ఎం33 పొడవు పూర్ణచంద్రుడికి రెండింతలు. దాని వెలుగంతా ఆ మేర పలచగా పరుచుకుని ఉంది. అందుకే ఫొటో తీసేవాళ్లు జాబితాలోని మొత్తం ప్రకాశాంకం చూసి మోసపోకూడదు. చూడాల్సింది ఉపరితల ప్రకాశం, అంటే ఒక చదరపు ఆర్క్ సెకండ్ మేర ఆకాశంలో ఎంత వెలుగు ఉందన్న లెక్క. ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు. గెలాక్సీకి ఈ అంకె ఎంత, దాని వెనక ఉన్న ఆకాశానికి ఎంత అన్న పోలికలోనే ఫొటో భవిష్యత్తు దాదాపుగా తేలిపోతుంది. టెలిస్కోప్ ఎంత పెద్దది, ఎంత ఖరీదైనది అనేవి ఆ తర్వాతి మాటలు.

ఆకాశం ఎంత వెలుగుతోంది

మనుషుల దీపాలు ఏమాత్రం లేని చోట, చంద్రుడు లేని రాత్రి కూడా ఆకాశం కటిక నలుపు కాదు. పై వాతావరణంలోని అణువులు సన్నగా వెలుగుతుంటాయి. సౌరకుటుంబంలో పరుచుకున్న ధూళి సూర్యకాంతిని చెదరగొడుతుంటుంది. అలాంటి చోట ఆకాశపు ఉపరితల ప్రకాశం 22 ప్రకాశాంకం దగ్గర ఉంటుంది. పెద్ద నగరం నడిబొడ్డున అది 18కి, ఒక్కోచోట అంతకన్నా ప్రకాశవంతమైన స్థాయికి చేరుతుంది. నాలుగు అంకెల తేడాయే కదా అనిపించవచ్చు. ప్రకాశాంకంలో ఒక్క మెట్టు అంటే సుమారు రెండున్నర రెట్లు, నాలుగు మెట్లంటే నలభై రెట్లు. ఇక సర్పిల గెలాక్సీల చేతులు చాలావాటిలో 22, 23 ప్రాంతంలో ఉంటాయి. అంచులు 25కి దిగుతాయి. రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి లాగినప్పుడు చిందిన నక్షత్రాల ప్రవాహాలు 27, 28 దాకా పోతాయి. అంటే మంచి చీకట్లో కూడా గెలాక్సీ చేయి ఆకాశం కంటే మసకగానే ఉండొచ్చు. నగరంలో అయితే ఆకాశపు వెలుగులో అది నూటికి ఒక వంతు.

అంకెల్లో పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 200 మిల్లీమీటర్ల అద్దం, 1,000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (నాభ్యంతరం) ఉన్న న్యూటోనియన్ టెలిస్కోప్ తీసుకుందాం. వెనక 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న మోనో (నలుపు తెలుపు) కెమెరా, కంటికి కనిపించే కాంతినంతా వదిలే ల్యూమినెన్స్ ఫిల్టర్. 23 ప్రకాశాంకం ఉన్న గెలాక్సీ చేయి నుంచి ఒక్కో పిక్సెల్‌లో, ముతక లెక్కన, కాంతి పుట్టించే ఎలక్ట్రాన్లు సెకనుకు 0.2 నమోదవుతాయి. అంటే ఐదు సెకన్లకు ఒకటి. అదే పిక్సెల్‌లోకి 18 ప్రకాశాంకం ఉన్న నగర ఆకాశం సెకనుకు 20 ఎలక్ట్రాన్లు కుమ్మరిస్తుంది. 21.5 ఉన్న చీకటి ఆకాశమైతే 0.8 మాత్రమే.

ఆకాశపు వెలుగు వచ్చి కలవడం అసలు సమస్య కాదు. సగటు ఎంతో తెలిస్తే కంప్యూటర్‌లో దాన్ని తీసేయొచ్చు. తీసేయలేనిది దాని హెచ్చుతగ్గు. ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, వరస కట్టి, సమాన వ్యవధిలో రావు. ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. మొత్తం ఎన్ని పోగైతే వాటి వర్గమూలమంత ఊగిసలాట తప్పదు. గంటసేపు ఎక్స్‌పోజర్‌లో నగరంలో గెలాక్సీ ఇచ్చేవి 720 ఎలక్ట్రాన్లు, ఆకాశం ఇచ్చేవి 72,000. ఈ మొత్తంలో ఊగిసలాట 270 దాకా ఉంటుంది. 720ని 270తో భాగిస్తే సిగ్నల్‌కూ (గెలాక్సీ వెలుగు) నాయిస్‌కూ (ఆ ఊగిసలాట) నిష్పత్తి 2.7. చేయి ఉందో లేదో అన్నట్టు గరుకుగా కనిపిస్తుంది. చీకటి చోట 720కి ఆకాశం కలిపేది 2,880. మొత్తం 3,600, దాని వర్గమూలం 60, నిష్పత్తి 12. నగరం నుంచి అదే 12 రాబట్టాలంటే ఇరవై గంటలు కావాలి.

ఈ ఇరవై అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. అదే ఫోకల్ లెంగ్త్‌లో అద్దాన్ని 200 నుంచి 400 మిల్లీమీటర్లకు పెంచితే కాంతి నాలుగింతలు పడుతుంది, గెలాక్సీదీ ఆకాశానిదీ రెండూ. నగరంలో ఇరవై గంటల పని ఐదు గంటలకు తగ్గుతుంది. అంటే ఎత్తడానికే ఇద్దరు మనుషులు కావాల్సినంత పెద్ద టెలిస్కోప్ నగరంలో ఐదు గంటలు పడే పాట్లు, అందులో సగం అద్దమున్న టెలిస్కోప్ చీకటి చోట గంటలో పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది పెద్ద గొట్టం కోసం డబ్బులు దాస్తుంటారు. గెలాక్సీలే లక్ష్యమైతే ఆ డబ్బులో కొంత చీకటి చోటుకు వెళ్లే ప్రయాణాలకు పెట్టడం మేలు. వెళ్లడం కుదరదంటే గంటలు పోగేయడం తప్ప దారి లేదు. నగరాల నుంచి వచ్చే మంచి ఎం51, ఎం101 గెలాక్సీల ఫొటోల కింద ముప్పై, నలభై గంటల ఎక్స్‌పోజర్ అని రాసి ఉండటం అందుకే.

చంద్రుడి సంగతీ ఇంతే. పౌర్ణమి దగ్గరి రాత్రి ఎంత చీకటి చోటైనా శివారు ఆకాశంలా మారిపోతుంది. గెలాక్సీలకు అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులే అసలైన పనిదినాలు.

ఫిల్టర్ ఆదుకుంటుందా?

నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు మేఘాల) ఫొటోలు తీసేవాళ్లు నగరం మధ్య నుంచి కూడా అద్భుతాలు చేస్తుంటారు. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు కొన్ని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యాల దగ్గరే వెలుగుతాయి కాబట్టి ఆ సన్నటి పట్టీని మాత్రం వదిలి మిగతాదంతా ఆపేసే నారోబ్యాండ్ ఫిల్టర్ పెడితే నగరపు వెలుతురు చాలావరకు పోతుంది. అదే ఫిల్టర్‌ను గెలాక్సీకి పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ గెలాక్సీ వెలుగు ప్రధానంగా నక్షత్రాల వెలుగు. ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఫిల్టర్ ఆకాశాన్ని ఎంత కోస్తే గెలాక్సీనీ అంత కోస్తుంది. సోడియం దీపాల కాలంలో ఆ పసుపు వెలుగును మాత్రం ఆపే ఫిల్టర్లు కొంత పనికొచ్చేవి. తెల్లటి ఎల్ఈడీ దీపాలు గెలాక్సీల్లాగే అన్ని రంగుల్లోనూ వెలుగు చిమ్ముతున్నాయి కాబట్టి ఆ ఫిల్టర్లకు ఉన్న కొద్దిపాటి ఉపయోగమూ పోతోంది.

ఒక్క మినహాయింపు ఉంది. సర్పిలపు చేతుల వెంట కొత్త నక్షత్రాలు పుడుతున్న చోట్ల హైడ్రోజన్ మేఘాలు 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాయి. హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్‌తో కొన్ని గంటలు తీసి రంగుల ఫొటోలో కలిపితే చేతుల మీద గులాబీ చుక్కలు పూస్తాయి. ఎం33లోని ఎన్‌జీసీ 604 ఇలాంటి మేఘమే, మన పక్క గెలాక్సీల్లో ఉన్న అతిపెద్ద వాటిలో ఒకటి. అయితే ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. గెలాక్సీ మన నుంచి దూరంగా పోతుంటే ఆ ఎరుపు గీత ఇంకా ఎరుపు వైపు జరుగుతుంది. ఎం51 సెకనుకు సుమారు 460 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. ఆ లెక్కన గీత ఒక నానోమీటరు జరుగుతుంది. 7 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టర్‌కు అది లెక్కలోది కాదు. 3 నానోమీటర్ల ఫిల్టర్ నుంచి అంచు పట్టుకుని దాటుతుంది. సెకనుకు 3,000 కిలోమీటర్ల వేగమున్న గెలాక్సీ అయితే గీత ఆరున్నర నానోమీటర్లు జరిగి 7 నానోమీటర్ల ఫిల్టర్‌కూ చిక్కదు. గంటల తరబడి తీసినా ఆ గులాబీ చుక్కలు రావు, తప్పు కెమెరాదని అనుకుంటాం. ఫిల్టర్ ఎంత సన్నగా ఉంటే అంత గొప్ప అన్న ప్రచారం దూరపు గెలాక్సీల దగ్గర చెల్లదు. మరీ దగ్గరి ఆండ్రోమెడా మనవైపే వస్తోంది, దాని గీత నీలం వైపు కాస్త జరుగుతుంది కానీ ఆ తేడా ఇబ్బంది పెట్టేంత కాదు.

చిన్నదవడం అనే సమస్య

ఇప్పుడు దూరం సంగతి. పాలపుంతలాంటి, అంటే లక్ష కాంతి సంవత్సరాల వ్యాసమున్న గెలాక్సీని ఎం51 ఉన్న దూరంలో పెడితే ఆకాశంలో పది ఆర్క్ నిమిషాలకు (ఒక ఆర్క్ నిమిషం 60 ఆర్క్ సెకండ్లు) మించి ఉంటుంది. అదే గెలాక్సీ హెర్క్యులిస్ సమూహంలో, అంటే సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే నలభై ఆర్క్ సెకండ్లకు కుంచించుకుపోతుంది. వెలుగు తగ్గలేదు, చోటు తగ్గింది. సెన్సర్ మీద ఇది ఎన్ని పిక్సెళ్లో తెలుసుకోవడానికి ఒక చిన్న సూత్రం ఉంది. పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఎన్ని ఆర్క్ సెకండ్లను చూస్తుందో వస్తుంది. పైన చెప్పిన 200 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కు అది 0.78. ఎం51 పొడవు పదకొండు ఆర్క్ నిమిషాలు కాబట్టి 850 పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది, చేతుల్లోని ధూళి గీతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. హెర్క్యులిస్ సమూహంలోని మన ఊహా గెలాక్సీకి దక్కేది యాభై పిక్సెళ్లు.

అయితే ఫోకల్ లెంగ్త్ మూడింతలు పెంచేస్తే సరి అనిపిస్తుంది. ఇక్కడే వాతావరణం అడ్డుపడుతుంది. మన తల మీద కదిలే గాలి పొరలు నక్షత్రపు చుక్కను సాధారణంగా రెండు నుంచి మూడు ఆర్క్ సెకండ్ల మచ్చగా అలికేస్తాయి. దీన్నే సీయింగ్ అంటారు. 200 మిల్లీమీటర్ల అద్దం సిద్ధాంతం ప్రకారం 0.6 ఆర్క్ సెకండ్ల వివరాన్ని విడదీయగలదు. కానీ నిమిషాల పాటు సాగే ఎక్స్‌పోజర్‌లో ఆ అవకాశం దానికి దాదాపు ఎప్పుడూ రాదు. మచ్చే రెండు ఆర్క్ సెకండ్లున్నప్పుడు దాన్ని పది పిక్సెళ్లుగా ముక్కలు చేసి లాభం లేదు. ఉన్న కాస్త కాంతినీ ఎక్కువ పిక్సెళ్లకు పంచి, ఒక్కోదాంట్లో నాయిస్ పెంచుకోవడమే అవుతుంది. చాలా చోట్ల పిక్సెల్‌కు 0.7 నుంచి 1 ఆర్క్ సెకండ్ మధ్య ఉంటే చాలు. రెండు మీటర్లకు పైగా ఫోకల్ లెంగ్త్ ఉండే ఎనిమిది అంగుళాల ష్మిట్ కాసెగ్రెయిన్ టెలిస్కోప్‌లకు ఫోకల్ లెంగ్త్‌ను తగ్గించే రిడ్యూసర్ బిగించి వాడటం ఇందుకే.

సీయింగ్ ఎత్తును బట్టి కూడా మారుతుంది. గెలాక్సీ దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాని వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటి కంటే రెట్టింపు గాలిని దాటి రావాలి. అలుకుడు పెరుగుతుంది, నీలం కాంతి ఎక్కువగా చెదిరిపోతుంది, నగరాల వెలుగు కూడా అడుగునే ఎక్కువ. రాత్రంతా తీసిన ఫ్రేముల్లో గెలాక్సీ పైన ఉన్న మూడు, నాలుగు గంటలవి మిగతావాటిని మించి ఉంటాయి. సాయంత్రం తీసిన మొదటి గంట ఫ్రేములు పారేయడానికి మనసొప్పదు కానీ, ఒక్కోసారి పారేస్తేనే ఫొటో బాగుపడుతుంది.

ఈమధ్య బాగా అమ్ముడుపోతున్న స్మార్ట్ టెలిస్కోప్‌లను, అంటే కెమెరా లోపలే ఉండి ఫోన్‌తో నడిచేవాటిని, ఇదే కొలతతో చూడొచ్చు. వాటిలో ఒకటైన సీస్టార్ ఎస్50లో ఉన్నది 50 మిల్లీమీటర్ల లెన్స్, 250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, 2.9 మైక్రాన్ల పిక్సెళ్లు. పిక్సెల్‌కు 2.4 ఆర్క్ సెకండ్లు. ఎం51 దానిలో 275 పిక్సెళ్లు అవుతుంది. సర్పిలం, పక్కనే అంటుకున్నట్టుండే చిన్న గెలాక్సీ ఎన్‌జీసీ 5195, రెండూ చక్కగా తెలుస్తాయి. అంతకన్నా చిన్న గెలాక్సీలు దానిలో మసక చుక్కలే. ఆ పరికరాన్ని తీసిపారేయాల్సిన పనిలేదు. లార్డ్ రాస్ 1845లో ఐర్లండ్‌లోని బిర్‌లో 72 అంగుళాల అద్దమున్న టెలిస్కోప్ దగ్గర నిలబడి, ఎం51లోని సర్పిలాన్ని మొదటిసారి గుర్తించి చేత్తో గీసుకున్నాడు. అప్పటి ప్రపంచంలో అదే అతిపెద్ద టెలిస్కోప్. ఆ ఆకారాన్ని ఇవాళ 50 మిల్లీమీటర్ల లెన్స్ అరగంటలో ఫోన్‌కు పంపిస్తోంది. కన్ను కాంతిని దాచుకోలేదు, సెన్సర్ దాచుకుంటుంది. ఉన్న తేడా అదే.

మౌంట్

భూమి తిరుగుడు వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకండ్లు జరుగుతుంది. పిక్సెల్‌కు 0.78 ఆర్క్ సెకండ్లు చూసే కెమెరా ముందు నక్షత్రం ఒక్క సెకనులో 19 పిక్సెళ్లు దాటిపోతుంది. ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో దాన్ని ఒక్క పిక్సెల్ లోపల ఆపి ఉంచాలి. ఆ బాధ్యతంతా టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే ఈక్వటోరియల్ మౌంట్‌ది. దాని లోపలి వార్మ్ గేరు ఎంత బాగా కోసినా ఒక్కో చుట్టులో కొన్ని ఆర్క్ సెకండ్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీన్ని సరిదిద్దడానికి పక్కన ఇంకో చిన్న కెమెరా ఒక నక్షత్రాన్ని కనిపెట్టుకుని ఉండి, అది జరిగినప్పుడల్లా మౌంట్‌కు చెబుతుంటుంది. ఉచితంగా దొరికే పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్ ఈ గైడింగ్ పనిని చాలా ఏళ్లుగా చేసిపెడుతోంది. గైడింగ్ తప్పు సగటున ఒక పిక్సెల్‌లో సగానికి మించకుండా ఉంటే నక్షత్రాలు గుండ్రంగా వస్తాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు పాత ఔత్సాహికులంతా ముక్తకంఠంతో చెప్పేది మౌంట్ అనే. టెలిస్కోప్ బరువు, మౌంట్ మోయగలనని కంపెనీ చెప్పుకునే బరువులో సగం దాటకపోతే నిశ్చింత. పొడవాటి న్యూటోనియన్ గొట్టాలు తెరచాపలా గాలిని పట్టుకుంటాయి. చిన్న గాలికే రాత్రంతా పాడవుతుంది. ఫోకస్ ఇంకో పక్క. ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పడిపోతే గొట్టం కుంచించుకుని ఫోకస్ జరిగిపోతుంది. గంటకోసారి సరిచూసుకోకపోతే అర్ధరాత్రి తర్వాతి ఫ్రేములన్నీ కాస్త మెత్తగా వస్తాయి. ఆ మెత్తదనం అక్కడికక్కడ కంటికి ఆనదు, ఫ్రేములన్నీ ఒకటిగా కలిపే స్టాకింగ్ అయ్యాకే బయటపడుతుంది.

ఒక్క పెద్ద ఫ్రేము ఎందుకు కాదు?

ఫిల్మ్ కాలంలో గంటసేపు ఒకే ఎక్స్‌పోజర్ ఇచ్చేవాళ్లు. ఐజక్ రాబర్ట్స్ 1888లో 20 అంగుళాల అద్దంతో ఆండ్రోమెడా గెలాక్సీని గంటల ఎక్స్‌పోజర్‌తో గాజు ప్లేటు మీదికి ఎక్కించి దాని సర్పిల నిర్మాణాన్ని చూపించింది ఆ పద్ధతిలోనే. ఫిల్మ్‌తో ఇంకో గొడవ ఉండేది. వెలుగు మరీ మసకగా ఉంటే సమయం గడిచేకొద్దీ దాని స్పందన పడిపోయేది. దాన్ని అధిగమించడానికి 1980ల్లో ఔత్సాహికులు ఫిల్మ్‌ను హైడ్రోజన్, నైట్రోజన్ కలిసిన వాయువులో గంటల తరబడి వేడి చేసి వాడేవాళ్లు. పడిన ఫోటాన్లలో నూటికి ఒకటో రెండో నమోదైతే గొప్ప. ఇప్పటి సీమాస్ సెన్సర్లు నూటికి ఎనభై దాకా పట్టుకుంటాయి, సమయంతో అలిసిపోవు.

సెన్సర్‌కు ఉన్న ఇబ్బంది రీడ్ నాయిస్. ప్రతి ఫ్రేము చదివినప్పుడల్లా ఒకటి, ఒకటిన్నర ఎలక్ట్రాన్ల తప్పు చేరుతుంది. ఫ్రేములో ఆకాశం నుంచే ఇరవై, పాతిక ఎలక్ట్రాన్లకు పైగా చేరితే ఈ తప్పు లెక్కలోకి రాదు. పై ఉదాహరణలో నగరంలో అది రెండు సెకన్లలోపే జరిగిపోతుంది, చీకటి చోట అరనిమిషం పడుతుంది. కాబట్టి నిమిషాల కొద్దీ పొడవైన ఫ్రేముల అవసరం ఇప్పుడు పాత పుస్తకాలు చెప్పినంత లేదు. నగరంలో 30 నుంచి 60 సెకన్లు, చీకటి చోట రెండు మూడు నిమిషాలు చాలు. రంగు ఫిల్టర్లు, ఎఫ్ నిష్పత్తి (ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది) పెరిగిన టెలిస్కోప్‌లు ఉంటే కొంత పెంచాలి. ఫ్రేము చిన్నదైతే ఉపగ్రహాల గీతలు, గాలికి ఊగినవి, విమానాలు దాటినవి ఏరి పారేయడం తేలిక. నాయిస్ ఫ్రేముల సంఖ్య వర్గమూలం లెక్కన తగ్గుతుంది. వంద ఫ్రేములు కలిపితే నిష్పత్తి పదింతలు మెరుగవుతుంది, దాన్ని మళ్లీ రెట్టింపు చేయాలంటే నాలుగు వందలు కావాలి. ఇరవై గంటలు దాటాక ఇంకో రెండు గంటలు కలిపినా కంటికి తేడా ఆనకపోవడానికి కారణం ఇదే.

ఇక అందరూ బద్ధకించే ఫ్లాట్ ఫ్రేముల విషయం. టెలిస్కోప్ మధ్య భాగానికి ఎక్కువ వెలుగు, మూలలకు తక్కువ వెలుగు ఇస్తుంది. సెన్సర్ ముందు గాజు మీద పడిన ధూళి రేణువు వలయంలా నీడ వేస్తుంది. సమానంగా వెలిగే తెల్లటి తెరను ఫొటో తీసి, గెలాక్సీ ఫ్రేములను దానితో భాగిస్తే ఈ హెచ్చుతగ్గులు పోతాయి. నగర ఆకాశంలో గెలాక్సీ చేయి వెలుగు, ఆకాశపు వెలుగులో నూటికి ఒక వంతు అని పైన అనుకున్నాం. అంటే ఫ్లాట్‌లో నూటికి ఒక్క వంతు తప్పు దొర్లితే అది గెలాక్సీ చేయి అంత ప్రకాశంతో కనిపిస్తుంది. లేని చేయి మొలుస్తుంది, ఉన్నది మాయమవుతుంది. వందల గంటల డేటా ఉన్నా ఈ తప్పు తగ్గదు, ఎందుకంటే ఇది యాదృచ్ఛికం కాదు, ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది. కెమెరాను ఏమాత్రం తిప్పినా, ఫోకస్ బాగా మారినా ఫ్లాట్లు కొత్తగా తీయాల్సిందే.

దీనికి తోడుగా డిథరింగ్ ఉంటుంది. ప్రతి కొన్ని ఫ్రేములకూ టెలిస్కోప్‌ను నాలుగైదు పిక్సెళ్లు అటూ ఇటూ జరిపితే సెన్సర్‌లోని శాశ్వత లోపాలు ఒకే చోట పేరుకోవు. చేయకపోతే స్టాకింగ్ తర్వాత ఫొటో అంతటా వాలుగా వాన పడినట్టు గీతలు తేలతాయి.

ఎప్పుడు, వేటిని

గెలాక్సీలకూ సీజన్ ఉంది. మన పాలపుంత చదునైన పళ్లెం లోపల మనం ఉన్నాం. ఆ పళ్లెం వెంట చూస్తే ధూళి, నక్షత్రాలు అడ్డం. దానికి నిట్టనిలువుగా చూస్తే బయటి విశ్వం తేటగా కనిపిస్తుంది. మార్చి నుంచి మే దాకా ఆ నిలువు దిక్కు, కోమా బెరెనిసెస్ మండలం, రాత్రిపూట ఎత్తులో ఉంటుంది. పక్కనే కన్యా రాశిలో సుమారు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి పైగా గెలాక్సీల సమూహం ఉంది. సింహ రాశిలో ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 ఒకే ఫ్రేములో ఇమిడిపోతాయి. సప్తర్షి మండలంలో మరీచి నక్షత్రానికి ఒక పక్క ఎం51, ఇంకో పక్క ఎం101. మొదలుపెట్టేవాళ్లకు ఎం51, ఎం81 అనువైనవి. ఎం101 పేరున్నది, అందమైనది, కానీ ఎం33లాగే పలచన. నగరం నుంచి దానితో మొదలుపెడితే నిరుత్సాహం తప్పదు. అంచు మీద నిలబడ్డట్టు కనిపించే ఎన్‌జీసీ 4565, తన వెలుగంతా సన్నటి గీతలో కూడుకుని ఉండటం వల్ల వెలుతురున్న ఆకాశంలోనూ గట్టిగా నిలబడుతుంది.

కనిపించేదంతా ఉన్నదేనా

స్టాకింగ్ పూర్తయి వచ్చిన ఫైలు మొదట నల్లగా ఉంటుంది. గెలాక్సీ అంతా నలుపుకు దగ్గర్లోని కొద్దిపాటి మెట్లలోనే దాక్కుంటుంది. దాన్ని పైకి లాగడాన్నే స్ట్రెచింగ్ అంటారు. అంతకన్నా ముందు ఆకాశపు వెలుగులోని ఏటవాలును తీసేయాలి, ఫ్రేములోని నక్షత్రాల రంగులను గయా ఉపగ్రహపు కొలతలతో పోల్చి రంగు సరిచేయాలి. ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్ ఈ రెండూ చేస్తుంది. రంగు సరిగ్గా వస్తే గెలాక్సీ తన కథ తనే చెబుతుంది. నడిమి భాగం పసుపుపచ్చన, ఎందుకంటే అక్కడ ఉన్నవి వయసు మళ్లిన చల్లటి నక్షత్రాలు. చేతులు నీలం, ఎందుకంటే వేడిగా, పెద్దగా పుట్టి త్వరగా చచ్చిపోయే నక్షత్రాలు పుట్టినచోటు దాటి వెళ్లేలోపే ఆరిపోతాయి. చేతి లోపలి అంచున గోధుమరంగు ధూళి గీత. శాస్త్రవేత్తలు లిన్, షూ 1964లో ప్రతిపాదించిన సాంద్రతా తరంగం, అంటే వాయువును నొక్కుతూ గెలాక్సీ చుట్టూ తిరిగే అల, గురించి చదివినవాళ్లకు ఆ వరస చూస్తే వాయువు ఎక్కడ నొక్కుకుపోతోందో, నక్షత్రాలు ఎక్కడ వెలుగుతున్నాయో సొంత ఫొటోలోనే కనిపిస్తుంది.

చిక్కు వచ్చేది పదును పెట్టే దగ్గర. సీయింగ్ అలికిన వివరాన్ని గణితంతో వెనక్కి తెచ్చే డీకన్వల్యూషన్ ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు బ్లర్‌ఎక్స్‌టెర్మినేటర్ లాంటి ఏఐ టూల్స్ ఆ పనిని ఒక్క క్లిక్‌తో చేస్తున్నాయి. నక్షత్రాల విషయంలో అవి బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే నక్షత్రం చుక్క అని ముందే తెలుసు. చేతుల్లోని ధూళి గీతల విషయంలో అంత భరోసా ఉండదు. నాయిస్‌లోని యాదృచ్ఛిక గడ్డలను కూడా అవి సన్నటి తీగల్లా సాగదీయగలవు. సిగ్నల్, నాయిస్‌ల నిష్పత్తి మూడు కూడా లేని చోట కనిపించే వివరాన్ని నమ్మకపోవడం మంచిది. పరీక్ష తేలికే. ఫ్రేములను రెండు సగాలుగా విడదీసి, విడివిడిగా అదే ప్రాసెసింగ్ చేస్తే రెండింటిలోనూ ఒకేలా కనిపించేది గెలాక్సీది. ఒకదాంట్లోనే కనిపించేది టూల్‌ది. అయితే ఫ్లాట్‌లోని తప్పులు ఈ పరీక్షకు దొరకవు, అవి రెండు సగాల్లోనూ ఉంటాయి.

ఇలాంటి అనుమానం ఎంత ముఖ్యమో ఎన్‌జీసీ 5907 చెబుతుంది. 2008లో ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ జే గబానీ అర మీటరు టెలిస్కోప్‌తో తీసిన ఫొటోలో, ఆ గెలాక్సీ చుట్టూ నక్షత్రాల ప్రవాహం మెలికలు తిరిగి పలుమార్లు చుట్టుకున్నట్టు కనిపించింది. శాస్త్రవేత్తలతో కలిసి దాన్ని ప్రచురించారు కూడా. తర్వాత 2019లో టెలిఫొటో లెన్సుల వరసతో కట్టిన డ్రాగన్‌ఫ్లై టెలిస్కోప్ అదే చోటును మరింత లోతుగా చూసినప్పుడు ప్రవాహం ఉంది కానీ అన్ని చుట్లు లేవు, ఒకే పొడవైన వంపు మాత్రం కనిపించింది. ఆ ప్రవాహపు ప్రకాశం ఆకాశం కంటే వందల రెట్లు తక్కువ. ఆ లోతులో ఫ్లాట్, ఆకాశపు ఏటవాలు, చెదిరిన కాంతి అన్నీ వేషం వేసుకుని వస్తాయి.

ఇంకో వైపు చూస్తే, మనిషి లెక్కలేనన్నిసార్లు ఫొటో తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనే ఆక్సిజన్ వెలుగుతో నిండిన పెద్ద వంపు ఒకటి ఉందని 2023 జనవరిలో ప్రకటించింది డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సాంటీ అనే ముగ్గురు ఔత్సాహికులు, కొందరు శాస్త్రవేత్తలతో కలిసి. వాళ్లు మొదట దాన్ని పట్టిన టెలిస్కోప్ లెన్స్ 106 మిల్లీమీటర్లు. ఆక్సిజన్ ఫిల్టర్ పెట్టి గెలాక్సీ చుట్టూ అన్ని గంటలు తీయాలని అంతకుముందు ఎవరికీ తోచలేదు, అంతే. ఫిల్టర్లు గెలాక్సీలకు పనికిరావన్న సాధారణ సూత్రమే అందరినీ ఆపి ఉండొచ్చు. ఆ వంపు గెలాక్సీదా, దానికన్నా మనకు దగ్గరలో ఉన్నదా అన్నది వేరే చర్చ.

అదే ఏడాది మే 19న జపాన్‌కు చెందిన ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి ఎం101లో సూపర్‌నోవాను, అంటే పేలిపోతున్న నక్షత్రాన్ని, కనిపెట్టాడు. దానికి ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్ అని పేరు పెట్టారు. గెలాక్సీ సీజన్ కాబట్టి, ఆ రోజుల్లో ఎం101ను ఎంతోమంది ఫొటో తీస్తున్నారు. ప్రకటన రాగానే వాళ్లంతా తమ పాత ఫ్రేములు తెరిచి చూసుకున్నారు. కొన్నింటిలో కనుగొనక ముందే నక్షత్రం వెలుగుతూ దొరికింది, మరికొన్నింటిలో అదే చోట ఏమీ లేదు. పేలుడు ఏ గంటల మధ్య మొదలైందో బిగించి చెప్పడానికి ఆ రెండు రకాల ఫ్రేములూ పనికొచ్చాయి. అందుకు అందంగా ప్రాసెస్ చేసిన చివరి ఫొటో పనికిరాదు, అన్ని గంటలూ కలిసిపోయి ఉంటాయి. కావాల్సినవి విడి ఫ్రేములు, వాటి ఫిట్స్ (ఖగోళ ఫొటోలు దాచే ఫార్మాట్) ఫైళ్లలో నమోదైన సమయం. స్టాకింగ్ అవగానే డిస్కులో చోటు కోసం విడి ఫ్రేములు తుడిచేసేవాళ్లు వాటిని ఒక పక్కన ఉంచుకోవడం, ల్యాప్‌టాప్ గడియారం ఇంటర్నెట్ లేని చోట నిమిషాలు తప్పకుండా చూసుకోవడం మంచిది.